వంతెన ఇవతల ఉండిపోయిన దాది

వీసెనాఖ్ డ్యూక్ గారింటికి కోడలిగా వచ్చే పిల్ల ఏ దేశపు పిల్లైనా మా వంతెన దగ్గర ఆగాల్సిందే. ఆగి, పుట్టింటి నుంచి వేసుకొచ్చిన బట్టలన్నీ లోపలి చొక్కాతో సహా విడిచేసి, అత్తింటివారు పంపినవి తొడుక్కుని, అత్తింటి మనుషుల చెయ్యి పట్టుకుని అవతలికి నడవాలి. వెంట వచ్చినవాళ్లు ఒక్కరు కూడా వంతెన మీద కాలు పెట్టడానికి లేదు. అవతలి ఒడ్డు డ్యూక్ గారిది. ఇవతలి ఒడ్డు మఠం వారి భూమి. ఆ భూమిలో, వంతెనకి ఆనుకుని ఉన్న పూటకూళ్లింట్లో పై గదిలో జరిగేది ఈ బట్టలు మార్చే తంతు.

పూటకూళ్లిల్లు నడిపే అఫ్రాని అడిగితే తన ముందరి కాలం వాళ్లని కూడా చెప్పేది. "మా అత్తగారు చూసినావిడ తెల్ల గాడిద మీద వచ్చిందట. ఆవిడ అత్తగారు చూసినావిడ పిల్లల్లేరని రెండేళ్లకే తిరిగొచ్చిందట, వెళ్లేటప్పుడు విడిచిన బట్టలు మళ్లీ ఇక్కడే అడిగిందట. పేర్లా? పేర్లెవరికి కావాలి? వంతెన ఇవతల ఉన్నంతసేపే పేరు. దాటితే డచెస్. అంతే."

అఫ్రా కాపురానికొచ్చాక చూసిన మొదటి డచెస్ లవీనియా. ఇటలీ కొండల్లో మోంటెసెర్రా అనే చోట ఒక చిన్న జమీందారు కూతురు. పదిహేనేళ్ల పిల్ల, దారంతా జలుబుతో ముక్కు ఎర్రబడి, గాడిద మీద నుంచి దించేసరికి నిలబడలేక దాది భుజం మీద వాలిపోయింది. ఆ దాది పేరు ఓర్సోలా.

ఓర్సోలాకి అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. తన బిడ్డ పుట్టిన వారానికే పోయింది. మొగుడు సైన్యంలోకి వెళ్లి మళ్లీ కనపడలేదు. రొమ్ములో పాలు ఇంకా ఇంకకముందే కోటలోంచి మనిషొచ్చి పిలుచుకుపోయాడు, అక్కడ తల్లి చచ్చిన పసిగుడ్డు ఏడుస్తోందని. ఆ పసిగుడ్డే లవీనియా. పాలు మాన్పించాక కూడా ఆ పిల్ల ఓర్సోలాని వదల్లేదు. 'ఓర్సా' అని పిలుచుకుంటూ కొంగు పట్టుకుని తిరిగింది. కనుమలు దాటి ఇంత దూరం వచ్చేటప్పుడు కూడా ఓర్సోలా పక్కన లేకపోతే మంచినీళ్లు ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వంతెన అవతలి నుంచి అంతఃపురం పెద్దావిడ ఒక పెట్టె నిండా బట్టలతో వచ్చింది. వెంట ఒక బక్కపలచటి గుమస్తా, రెండు భాషలూ తెలిసినవాడు. పిల్లకి బట్టలు మార్చారు. కొత్త పాదరక్షలు చిన్నవయ్యాయి, అయినా వాటిలోకే తోశారు. లవీనియా ఓర్సోలా వైపు చూస్తుంటే పెద్దావిడ ఏదో అంది. గుమస్తా చెప్పాడు, "మీ దాది సామాన్లతో వెనక వస్తుంది. మీరు పదండి." ఆ మాట లవీనియా నమ్మింది. ఓర్సోలా కూడా నమ్మింది. పిల్ల విడిచిన బట్టలు మడత పెడుతూ ఉండిపోయింది.

మడతలు అయ్యేసరికి గుమస్తా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆ బట్టలు నీకే ఇచ్చారు. ఇంక నువ్వు బయల్దేరొచ్చు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, మీ ఊరికి."

ఓర్సోలా మెట్లు దిగి పరిగెత్తింది. వంతెన మొదట్లో అడ్డకర్ర వేసేశారు, దానికి ఇటూ అటూ భటులు. లవీనియా అప్పటికి నడి వంతెన మీద ఉంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, సామాన్లు వస్తున్నాయా అన్నట్టు. పెద్దావిడ మోచెయ్యి పట్టుకుని ముందుకి తిప్పింది. అవతల ఒడ్డున బాకాలు ఊదారు.

మధ్యాహ్నానికి గాడిదలవాళ్లు తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యారు. వాళ్ల పెద్ద వచ్చి, "ఎక్కమ్మా. మంచు పడిందంటే కనుమ మూసుకుపోతుంది," అన్నాడు.

ఓర్సోలా వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉంది. "ఒళ్లు వెచ్చగా ఉంది. నువ్వు పద. తర్వాతి వాళ్లతో వస్తాను."

తర్వాతి వాళ్లు వసంతకాలం దాకా ఉండరని వాడికీ తెలుసు, ఆమెకీ తెలుసు. వాడు ఆమె మూట దించి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వాళ్లు మలుపు తిరిగాక అఫ్రా వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది. వెచ్చగా లేదు. లోపలికి వెళ్లి క్యాబేజీ సూపు తెచ్చి ముందు పెట్టింది.

రెండు మూడు రోజులు ఊరుకుంది అఫ్రా. ఆ తర్వాత మాసిన దుప్పట్ల గుట్ట తెచ్చి కాళ్ల ముందు పడేసింది. "కూర్చుని ఏడిస్తే తిన్నది అరగదు. ఇవి ఉతుకు." మాట అర్థం కాకపోయినా దుప్పట్లు అర్థమయ్యాయి. ఓర్సోలా లేచింది.

ఆ చలికాలం ఆమె బూడిద నీళ్లు కాచడం, దుప్పట్లు ఉడకబెట్టడం, ఏటి ఒడ్డున బండ మీద బాదడం నేర్చుకుంది. వేళ్లు పగిలి నెత్తురొస్తే అఫ్రా పంది కొవ్వు రాసి గుడ్డ చుట్టేది, రాస్తూ తిట్టేది. ఓర్సోలాకి మా భాషలో ముందు తిట్లే వచ్చాయి. ఆ తర్వాత తిండి పేర్లు, ఆ తర్వాత మిగతావి. అఫ్రా మొగుడు గాల్ నెమ్మదైన మనిషి. "ఉండనీ, మనిషి తిండికి మించి పని చేస్తోంది," అనేవాడు.

మంచు కరిగింది. గాడిదలవాళ్లు వచ్చారు. వాళ్లు గుర్రపుసాల దగ్గర ఉన్నంతసేపూ ఓర్సోలా ఆవుల కొట్టంలో కూర్చుంది. వాళ్లు వెళ్లాక అఫ్రా కొట్టంలోకి వచ్చింది.

"ఉండాలనుంటే ఉండు, నేను పొమ్మనడం లేదు. కానీ ఆవిడ దగ్గర్నుంచి కబురొస్తుందని మాత్రం ఉండకు."

"ఇక్కణ్ణుంచైతే పిల్ల దగ్గరికి రెండు రోజుల దారి. మా ఊరు పోతే నెల."

"తలుపు మూసున్నప్పుడు రెండు రోజులైతే ఏంటి, రెండు అడుగులైతే ఏంటే పిచ్చిదానా?"

ఓర్సోలా పాలచెంబు తీసుకుని లేచింది. ఆ సంగతి మళ్లీ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కబుర్లు ఉప్పు బండివాళ్లతో వచ్చేవి. డచెస్‌కి కొడుకు పుట్టాడన్నారు. తర్వాత కూతురు పుట్టిందన్నారు, కొన్నాళ్లకి పోయిందన్నారు. తర్వాత కడుపు నిలవలేదన్నారు, రెండుసార్లు. ప్రతిసారీ ఓర్సోలా బండి పక్కన నిలబడి అడిగేది ఒకటే. "బిడ్డకి పాలెవరిచ్చారట?"

"ఆ సంగతులు నాకెవరు చెబుతారమ్మా, ఉప్పు అమ్ముకునేవాణ్ణి," అనేవాడు బండివాడు. వాడితోనే తిరుగు కబురు పంపేది, మీ ఓర్సా వంతెన దగ్గరే ఉందని చెప్పమని. వాడు సరేననేవాడు. ఒకసారి ఒక సన్యాసితో కూడా పంపింది. ఎవరూ జవాబు తేలేదు.

కొడుకు పుట్టిన మరుసటి ఏడాది ఎండాకాలంలో, దేవుడి ఊరేగింపు పండగకి డచెస్ వీధుల్లో నడుస్తుందని తెలిసి ఓర్సోలా బయల్దేరింది. అప్పటికి ఆమెని చూసి పరాయిదని ఎవరూ అనుకోరు. అఫ్రా రై రొట్టె, జున్ను మూట కట్టిచ్చింది. రెండు రోజులు నడిచి, రాజధానిలో చర్చి ముందు జనంలో నిలబడింది. నలుగురు మోస్తున్న గుడ్డ పందిరి కింద డ్యూక్, వెనక లవీనియా. మొహానికి తెల్లటి పొడి. ఒళ్లు చేసింది. అడుగు ఆచి తూచి వేస్తోంది. ఓర్సోలా "లవీనియా" అంది. గట్టిగా అనలేదు, అయినా పక్కవాళ్లు తిరిగి చూశారు, ఆ పేరుగలది ఇక్కడెవరన్నట్టు. పందిరి సాగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పాదాలు బొబ్బలెక్కాయి. అఫ్రా తొట్టిలో నీళ్లు పోస్తూ, "చూశావా?" అంది.

"చూశాను. కాళ్లు నొప్పిగా ఉన్నట్టున్నాయి."

"ఎవరికే?"

"ఇద్దరికీ."

మళ్లీ వెళ్లలేదు. వెళ్లకూడదని అనుకున్నదేం కాదు. ప్రతి ఏడూ ఆ పండగ ముందర దుప్పట్లు ఎక్కువ పడేవి, ఒళ్లు అలిసిపోయి ఉండేది, వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేది. అలా పండగలు పోయాయి. గాల్ ఒక చలికాలం దగ్గి దగ్గి పోయాడు. ఇంటి పని ఇద్దరాడవాళ్ల మీదా పడింది. ఒక్క పొయ్యికే కట్టెలు కాల్చడం మేలని ఓర్సోలా పడక కూడా అఫ్రా గదిలోకి మార్చుకున్నారు. పొద్దున నీళ్లు మోయడం, పొయ్యి ఊదడం, వచ్చేవాళ్ల బూట్ల బురద కడగడం, వెళ్లేవాళ్ల పరుపులు దులపడం. మొదట్లో ఉన్న ఏడుపు ఎప్పుడు పోయిందో, ఎదురుచూడ్డం ఎప్పుడు మానేసిందో తనకే తెలీదు. మిగిలింది అలసట ఒక్కటే. నిద్ర లేచినా అది తీరేది కాదు.

లవీనియా వంతెన దాటి పాతికేళ్లు కావస్తుండగా పెద్ద డ్యూక్ గారు పోయారు. కొడుకు డ్యూక్ అయ్యాడు, పెళ్లి కుదిరింది. పిల్ల పేరు క్లోదిన్, బర్గండీ వైపు నుంచి వస్తోంది. పై గది కడగమని మఠం నుంచి మనిషొచ్చి చెప్పాడు. ఓర్సోలా కడిగింది.

ఈసారి పిల్ల ఏడవలేదు. కొత్త బట్టల్లో అటూ ఇటూ తిరిగి చూసుకుంది కూడా. వంతెన దాటింది, బాకాలు ఊదారు, ఇక డచెస్ ఆ పిల్లే. లవీనియా విధవ డచెస్. ఆ పిల్ల వెంట వచ్చిన పెర్రెట్ అనే ముసలి దాది మాత్రం వాకిట్లో బల్ల మీద కూర్చుండిపోయింది. బండి తోలేవాడు పిలిస్తే తల అడ్డంగా ఊపింది. కడుపులో నొప్పిగా ఉంది, రేపు చూద్దామంది.

ఓర్సోలా బిందె దించి వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరి భాషలూ వేరైనా దగ్గరదగ్గరవే. సగం మాటలూ సగం చేతులూ.

"కడుపునొప్పి కాదు. లే," అంది ఓర్సోలా.

"నీకేం తెలుసు?"

"నాకు జ్వరమొచ్చింది అప్పుడు. ఇంకా తగ్గలేదు. పిల్లలున్నారా నీకు?"

"ఒక కొడుకు. కోడలు. కోడలు మంచిది కాదు."

"కోడలు మంచిది కాకపోతే పోట్లాడుకోవచ్చు, పొద్దుపోతుంది. ఇక్కడ వంతెనతో పోట్లాడలేవు. ఏమవుతావో నన్ను చూడు."

పెర్రెట్ ఆమెని పైనుంచి కింద దాకా చూసింది. "బాగానే ఉన్నావు కదా. కూడూ గుడ్డా ఉన్నాయి, పని ఉంది."

ఓర్సోలా లేచి పెర్రెట్ మూట తీసుకెళ్లి బండిలో పెట్టింది. వచ్చి చంకల కింద చేతులేసి ఆవిణ్ణి లేపింది. పెర్రెట్ తిట్టింది, పెనుగులాడింది, చివరికి ఎక్కింది. బండి కదిలాక కూడా తిడుతూనే ఉంది. ఓర్సోలాకి నడుం పట్టేసి రెండు రోజులు వంగలేకపోయింది.

కొత్త కోడలు వచ్చిన ఇంట్లో పాత డచెస్‌కి చోటుండదు. ఆకులు రాలే వేళకి లవీనియా పుట్టింటికి ప్రయాణమైందన్న మాట వచ్చింది. అక్కడిప్పుడు ఆమె అన్న జమీందారు. ఆమె వంతెన దాటి ఇవతలికి వచ్చేసరికి కుండపోత వాన, కనుమ దారి బురద. వాన తగ్గేదాకా పూటకూళ్లింట్లోనే ఆగాలన్నారు.

అఫ్రా పైకి సూపు తీసుకెళ్లి దిగొచ్చింది. ఓర్సోలా ఉతికే కొట్టులో ఉంది, బయటికి రావడం లేదు.

"వేణ్ణీళ్లు కావాలట దొరసానికి, కాళ్లు వాచాయి. నేను మోయలేను, నాకు మోకాళ్లు నొప్పి," అంది అఫ్రా.

"నాకూ నొప్పే."

"నీ నొప్పి నాకు తెలుసులే. తీసుకెళ్లు."

ఓర్సోలా తొట్టి మోసుకుంటూ మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకెళ్లింది. నల్లబట్టల్లో ఒక లావుపాటి ఆడమనిషి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని ఉంది. ఓర్సోలా కింద కూర్చుని, ఆ పాదాలు ఒక్కొక్కటే ఎత్తి నీళ్లలో పెట్టింది. వేళ్లన్నీ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. చెయ్యి పెట్టి నీళ్లు చూసి, "కాలుతున్నాయా తల్లీ?" అంది. ఆ మాట మోంటెసెర్రా భాషలో వచ్చేసింది.

"లేదు, బాగానే ఉన్నాయి," అంది లవీనియా మా భాషలో, కళ్లు మూసుకునే. కాసేపటికి కళ్లు తెరిచింది. "నువ్విప్పుడేమన్నావు?"

"నీళ్లు కాలుతున్నాయా అన్నాను."

లవీనియా ముందుకి వంగి ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. "ఓర్సా," అంది. "నువ్వు చచ్చిపోయావని చెప్పారు నాకు."

"ఎవరు?"

"అందరూ. నువ్వు వస్తే గానీ తిననని మొండికేశాను. కనుమ మీద మంచులో పోయిందని చెప్పారు. అప్పుడు తిన్నాను. ఏటేటా నీ పేరున చర్చిలో ప్రార్థనలు చేయిస్తున్నాను."

"మంచి పనే చేశావు. ఎక్కడికీ పోవులే, ఎప్పటికైనా పనికొస్తాయి."

లవీనియా పెదవులు నవ్వబోయి ఆగాయి. "రెండు రోజుల దారి. ఒక్క కబురు పంపకూడదా?"

"పంపాను. చాలాసార్లు పంపాను. మీ గుమ్మం దాటి లోపలికి వచ్చి ఉండవు. ఒకసారి ఊరేగింపులో నిన్ను చూశాను కూడా. బూట్లు కరుస్తున్నట్టు నడిచావు."

"ఎప్పుడు?"

"కొడుకు పుట్టిన మరుసటేడు."

లవీనియా ఆలోచించింది. "అప్పుడన్నీ కరిచేవి," అంది.

నీళ్లు చల్లారాయి. ఓర్సోలా పాదాలు తుడిచి, గుడ్డ పిండింది. అప్పుడు లవీనియా అడిగింది, తనతో పాటు మోంటెసెర్రా వచ్చెయ్యమని. నీళ్లు పారబోసి వస్తానని తొట్టి తీసుకుని కిందికి దిగింది.

వంటింట్లో అఫ్రా క్యాబేజీ తరుగుతోంది. తల ఎత్తకుండానే, "పిలిచిందా?" అంది.

"పిలిచింది."

"పో మరి. నీ గురక లేకపోతే నాకు నిద్రన్నా పడుతుంది." కత్తి కాసేపు గబగబా ఆడింది. "నానబెట్టిన దుప్పట్లు మాత్రం ఉతికి పో."

ఓర్సోలా పొయ్యి పక్కన కూర్చుంది. ఈ పిలుపు కోసం ఒకప్పుడు కనుమని మోకాళ్ల మీదైనా ఎక్కి ఉండేది. ఇప్పుడు సంతోషం ఎక్కడుందా అని తనలో తను వెతుక్కుంది. పిల్లని చూసిన నెమ్మది ఉంది. దాని వెనక పాత అలసటే ఉంది, అంతకు మించి ఏం తగల్లేదు. ఒళ్లు కాగేదాకా అక్కడే కూర్చుని, మళ్లీ మెట్లెక్కింది.

"నేను రాలేను తల్లీ."

"మోయించుకుపోతాను. కుర్చీ కట్టిస్తాను, నలుగురు మోస్తారు."

"మోసేవాళ్లున్నా అన్ని రోజులు కూర్చోవాల్సింది నేనే కదా."

"నాకోసం కూడా రావా?"

"నీకోసమే ఇక్కడిదాకా వచ్చాను. ఇంకో కొండ నావల్ల కాదు."

లవీనియాకి కోపమొచ్చింది, మొహం తిప్పుకుంది. కాసేపటికి ఆ కోపం కూడా అలిసిపోయినట్టు, "నేను మాత్రం ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అంది. "అన్నయ్య పెళ్లాన్ని చూసిందే లేదు. మన భాష సగం మర్చిపోయాను. నువ్వు అడిగినప్పుడు కూడా అర్థమైంది గానీ నోటికి రాలేదు."

"దారిలో వస్తుంది. గాడిదలవాళ్ల పక్కన నడిపించుకో. వాళ్లు గాడిదల్ని తిడుతుంటే విను. ముందు తిట్లు గుర్తొస్తాయి, వాటి వెనకే మిగతావి వస్తాయి. నాకు ఇక్కడ అలాగే వచ్చింది."

అప్పుడు నవ్వింది లవీనియా. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

వాన రెండు రోజులు ఆగలేదు. ఆ రెండు రోజులూ ఓర్సోలా పని మధ్యలో పైకెళ్లి కూర్చునేది. పల్చబడిన జుట్టు దువ్వి జడ వేసింది. మాటలు గుర్తు చేసింది, కుండ, కట్టె, ఉప్పు, కోడిపెట్ట. పోయిన కూతురి గురించి లవీనియా చెప్పింది. ఆ బిడ్డకి పాలిచ్చిందెవరో ఓర్సోలా అడిగింది. ఊళ్లో రొట్టెలు కాల్చేవాడి పెళ్లామనీ, ఓపికగల మనిషనీ, బిడ్డ పోయిన రోజు తనకంటే ఆమే ఎక్కువ ఏడ్చిందనీ లవీనియా చెప్పింది. ఓర్సోలా తల ఊపింది. మూడో రోజు వాన వెలిసింది. గాడిదలు కట్టారు. లవీనియా ఎక్కాక ఓర్సోలా రికాబు సరిచేసి, గౌను అంచు బురదకి తగలకుండా పైకి చెక్కింది. గాడిదలు మలుపు తిరగకముందే అఫ్రా లోపలి నుంచి కేకేసింది, పై గది పరుపులు ఎండలో వెయ్యాలని. ఓర్సోలా వెళ్లి వేసింది.

పెర్రెట్ సంగతి తర్వాత ఏమీ తెలియలేదు. కొత్త డచెస్‌కి పెళ్లైన ఏడాదిలోపే కొడుకు పుట్టాడు.

మరుసటి ఏడు ఆకురాలు కాలంలో గాడిదలవాళ్లు ఓర్సోలా పేరు చెప్పి ఒక బస్తా దించారు. మోంటెసెర్రా కొండల్లో కాసే చెస్ట్‌నట్ కాయల పిండి. దొరసాని ఎలా ఉందని అడిగితే, "గాడిదల్ని మాకంటే బాగా తిడుతుంది," అన్నాడు వాళ్ల పెద్ద. అఫ్రా గుప్పెడు పిండి తీసి వాసన చూసింది. "ఇదేంటే, గోడలకి పూసుకోడానికా?"

ఆ తర్వాత ఓర్సోలా ఇంకో మూడు చలికాలాలు బతికింది. ఏటా బస్తా వస్తూనే ఉంది. ఆ మొదటిసారి మాత్రం ఆమె ఆ రోజు పని పక్కన పెట్టి, పిండి కలిపి, పలక రాయి కాల్చి దాని మీద పల్చటి రొట్టెలు వేసింది. పొగ వాసన, కాస్త తీపి. అఫ్రాకి నచ్చలేదు, అయినా రెండు తింది. ఓర్సోలా ఒకటి తిని, ఇంకొకటి చేత్తో పట్టుకునే పొయ్యి పక్క బల్ల మీద వాలింది. పట్టపగలే నిద్రపట్టేసింది. బయట దుప్పట్లు ఆరాయి, మబ్బు కమ్ముకొస్తోంది. అఫ్రా ఆమె చేతిలోంచి రొట్టె తీసి మూత పెట్టి, గొణుక్కుంటూ తనే వెళ్లి దుప్పట్లు లోపలికి తెచ్చింది.